జీఎస్‌టీ 2బీ మ్యాచింగ్ ఏఐతో ఎలా చేయాలి? అకౌంటెంట్‌కు మిగిలే పని ఏది?

ఏఐ వస్తే అకౌంటెంట్ల ఉద్యోగాలు పోతాయా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ముందు ఈ నెల 2బీ మ్యాచింగ్ (మన కొనుగోలు బిల్లులను జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే 2బీ లిస్టుతో సరిపోల్చడం) దాని సాయంతో చేసి చూడండి, ఏ పని పోతుందో ఏది మన దగ్గరే ఉంటుందో మీకే తెలుస్తుంది.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. సరుకు కొన్నప్పుడు మనం కట్టిన జీఎస్‌టీని క్రెడిట్‌గా వాడుకోవాలంటే, అమ్మినవాళ్లు ఆ బిల్లును తమ అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1లో చూపించి ఉండాలి. 2022 జనవరి నుంచి చట్టమే అలా చెబుతోంది. వాళ్లు చూపించిన బిల్లులన్నీ ప్రతి నెలా 14న 2బీగా వస్తాయి, నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు 20లోపు 3బీ (క్రెడిట్ తీసుకుని, మిగతా పన్ను కట్టే రిటర్న్) వేసేయాలి. టెన్షన్ అంతా ఆ మధ్య రోజుల్లోనే.

స్టెప్ 1: రెండు షీట్లు సిద్ధం చేసుకోండి

టాలీ (అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్)లో పర్చేజ్ రిజిస్టర్‌ను ఎక్సెల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి, జీఎస్‌టీ పోర్టల్ నుంచి 2బీ దించుకోండి. జీఎస్‌టీఐఎన్ (వ్యాపారి జీఎస్‌టీ నంబరు), బిల్లు నంబరు, తేదీ, ట్యాక్సబుల్ విలువ, ఐజీఎస్‌టీ (వేరే రాష్ట్రం నుంచి కొంటే పడేది), సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ (అదే రాష్ట్రంలో కొంటే పడే కేంద్ర, రాష్ట్ర పన్నులు) ఉంచి మిగతా కాలమ్‌లు తీసేయండి. మూడు పన్నులూ విడివిడిగానే ఉండాలి, ఎందుకో కింద చెబుతాను.

స్టెప్ 2: పార్టీల డేటా బయటకు పంపకండి

జీఎస్‌టీఐఎన్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాత వచ్చే పది అక్షరాలు ఆ వ్యాపారి పాన్. అంటే మీ లిస్టు మొత్తం ఏఐ చాట్‌లో పేస్ట్ చేశారంటే ఊళ్లో సగం షాపుల పాన్ నంబర్లు బయట పెట్టినట్టే. మనల్ని నమ్మి పుస్తకాలు ఇచ్చినవాళ్లకు అలా చేయకూడదు. ఒక్కో షీటు నుంచి ఓ పది వరసలు తీసుకుని, పేర్లు, నంబర్లు మార్చి శాంపిల్‌గా ఇవ్వండి, అది చాలు.

స్టెప్ 3: లెక్క చేయమనకండి, ఫార్ములా అడగండి

పెద్ద లిస్టు ఇచ్చి మ్యాచ్ చేయమంటే ఏఐ మధ్యలో కొన్ని వరసలు వదిలేయొచ్చు, తప్పు టోటల్ కూడా ధీమాగా చెప్పేస్తుంది. ఫార్ములా దాని చేత రాయించి, లెక్క ఎక్సెల్ చేత చేయించండి. ఇలా అడగొచ్చు:

"బిల్లు నంబరులోంచి స్లాష్‌లు, గీతలు, ముందున్న సున్నాలు, ఆర్థిక సంవత్సరం తీసేసి, మిగిలినదాన్ని జీఎస్‌టీఐఎన్‌తో కలిపి రెండు షీట్లను పోల్చే ఎక్సెల్ ఫార్ములాలు రాయి. రూపాయి లోపు తేడాను పట్టించుకోవద్దు. మూడు పన్నులనూ విడిగా పోల్చు. కలిసినవి, మా పుస్తకాల్లోనే ఉన్నవి, 2బీలోనే ఉన్నవి, రెండింట్లో ఉన్నా మొత్తంలో తేడా ఉన్నవి అని నాలుగు రకాలుగా చూపించు."

బిల్లు నంబరు గురించి ఇంత చెప్పడం ఎందుకంటే, బిల్లు మీద 0024/25-26 అని ఉంటే ఎంట్రీ కొట్టిన కుర్రాడు ఉత్త 24 అని కొట్టి ఉంటాడు, దొరకని బిల్లుల్లో చాలావరకు ఇలాంటివే.

స్టెప్ 4: టోటల్ కలిసిందా చూడండి

కలిసినవి, పుస్తకాల్లోనే ఉన్నవి, తేడా ఉన్నవి (పుస్తకాల వైపు మొత్తం) మూడూ కూడితే టాలీ రిజిస్టర్ టోటల్ రావాలి. రాలేదంటే ఫార్ములాలో ఎక్కడో వరస జారింది, ముందుకు వెళ్లకండి.

స్టెప్ 5: ఇక మీ పని

అసలు అకౌంటెన్సీ ఇక్కడే మొదలవుతుంది. హైదరాబాద్ హోల్‌సేలర్ విజయవాడ షాపుకు సరుకు పంపి ఐజీఎస్‌టీ 18 శాతం వేయాల్సిన చోట సీజీఎస్‌టీ 9, ఎస్‌జీఎస్‌టీ 9 వేశాడనుకోండి, మొత్తం పన్ను ఒకటే కాబట్టి టోటల్ మాత్రమే చూస్తే కలిసినట్టే ఉంటుంది, కానీ ఆ క్రెడిట్ విజయవాడ షాపుకు రాదు. ఓనర్ గారు కంపెనీ పేరున కొన్న కారు బిల్లు కూడా 2బీలో చక్కగా కలుస్తుంది, అయినా మామూలు వ్యాపారంలో దాని మీద క్రెడిట్ తీసుకోకూడదు. బిల్లు కలవడం వేరు, క్రెడిట్‌కు అర్హత ఉండటం వేరు. ఆ తేడా చూసే కళ్లు మీవి, జీతం దానికే.

అందుకే జూనియర్ల చేత మొదటి కొన్ని నెలలు చేత్తోనే మ్యాచింగ్ చేయించండి. ఎంట్రీలు కొట్టీ కొట్టీ మనం నేర్చుకున్నాం, ఆ దారి ఇప్పుడు మూసుకుపోతోంది, వాళ్లకు ఇంకో దారి చూపించాల్సింది సీనియర్లే.

సెక్షన్లు, తీర్పులు ఏఐ చెప్పినా అసలు చట్టం తెరిచి చూడాల్సిందే. ఆస్ట్రేలియా ప్రభుత్వానికి కన్సల్టింగ్ సంస్థ డెలాయిట్ ఏఐ వాడి ఇచ్చిన ఒక రిపోర్టులో లేని పుస్తకాలు, కోర్టు తీర్పులో లేని మాటలు బయటపడి, 2025లో ఫీజులో కొంత వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థకే తప్పలేదు.

స్టెప్ 6: సప్లయర్‌ను అడగండి

మెసేజ్ ఏఐ రాసిపెడుతుంది గానీ ఫోన్ మీరే చేయండి. "అన్నా, మా 24వ నంబరు బిల్లు 2బీలో రాలేదు, మా జీఎస్‌టీ నంబరు వేశారో లేదో ఒక్కసారి చూడండి" అంటే కదిలినంతగా పొడుగాటి ఈమెయిల్‌కు ఎవరూ కదలరు. తప్పుంటే వచ్చే జీఎస్‌టీఆర్-1లో సవరించమనండి.

చివరగా, ఏ తేడాకు ఏం కారణమో, ఎవరితో మాట్లాడారో షీటులోనే ఇంకో కాలమ్‌లో రాసి, నెల పేరుతో సేవ్ చేయండి. వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు రికార్డులు ఉంచాలని చట్టం, అప్పటికి ఆ సీట్లో మీరే ఉంటారో లేదో, నోటీసు వస్తే జవాబు రాసేవాళ్లకు ఆ కాలమ్‌లో రాసిందే ఆధారం.