మోనో నొక్కి విన్నాకే పంపండి

డప్పుకి ముందొక మైక్, వెనకొక మైక్ పెట్టి రికార్డు చేశాను. ఒకదాన్ని పూర్తిగా ఎడమకి, రెండోదాన్ని కుడికి తోసేశాను. హెడ్‌ఫోన్స్‌లో వింటే గదంతా నిండిపోయింది. మురిసిపోయి గాజువాకలో ఉండే మావయ్యకి వాట్సాప్‌లో పంపాను. ఆయన ఒకే స్పీకరున్న, అంటే ఎడమ కుడి కలిపేసి మోనోగా వినిపించే పాత ఫోన్‌లో విని, "డప్పేదిరా? ఎవరో పుల్లలు విరుస్తున్నట్టుంది" అన్నాడు.

తప్పు నాదే. పుల్ల తగలగానే తోలు ముందు మైక్‌కి దూరంగా, వెనక మైక్‌కి దగ్గరగా జరుగుతుంది. అంటే ఒకే దెబ్బ రెండో మైక్‌లో తలకిందులుగా పడుతుంది. ఫోన్ రెండింటినీ కలిపేసరికి ఒకదాన్నొకటి మింగేశాయి. బరువంతా పోయి పుల్ల చప్పుడు మిగిలింది.

నేను వాడేది ఏబుల్టన్ లైవ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్. అందులో యుటిలిటీ అని ఒక ఎఫెక్ట్ ఉంది. చూడ్డానికి నాలుగు బటన్లు, అంతే. గది మోత తెప్పించే రివర్బ్ లాంటి ఎఫెక్టుల ముందు దీన్నెవరూ పట్టించుకోరు. వెనక మైక్ ట్రాక్ మీద దాన్ని వేసి, శబ్దాన్ని తలకిందులు చేసే ఎడమ కుడి ఫేజ్ బటన్లు రెండూ నొక్కండి. అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ (కొత్త వెర్షన్లలో మెయిన్) మీద ఇంకో యుటిలిటీ వేసి మోనో నొక్కి, ఫేజ్ తిప్పీ తిప్పకా వినండి. డప్పు ఎప్పుడు లావుగా వినిపిస్తే అదే సరైనది. విన్నాక మోనో తీసేయడం మరచిపోకండి, నేను ఓసారి అలాగే ఎక్స్‌పోర్ట్ చేసేశాను. మైకులు రెండూ తోలుకి సమాన దూరంలో ఉండాలి. మీటరు తేడా వస్తే శబ్దం దాదాపు 3 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది, అప్పుడు ఫేజ్ బటన్ ఒక్కటే చాలదు. లోతైన శబ్దాల్ని మాత్రమే మోనో చేసే బాస్ మోనో కూడా ఆన్ చేసి 120 హెర్ట్జ్ దగ్గర ఉంచండి.

తర్వాత ఆ రెండు మైకుల ట్రాకుల్నీ కలిపి ఒకే ఫైలుగా తీసి, రికార్డింగుని కీల మీద వాయించనిచ్చే సింప్లర్‌లో పడేయండి. స్లైస్ మోడ్‌లో ప్రతి దెబ్బా విడిగా తెగి, సి1 నుంచి వరసగా కీల మీదకొస్తుంది. గజ్జెల చప్పుడుక్కూడా తెగుతుంటే సెన్సిటివిటీ తగ్గించండి. శబ్దాన్ని టెంపోకి తగ్గట్టు సాగదీసే వార్ప్‌ని ఆపేయండి, లేకపోతే దెబ్బ మొద్దుబారుతుంది. చివర టిక్కుమంటే ఫేడ్ అవుట్ కొంచెం పెంచితే చాలు.

డప్పుతో పాటు ఓడ హారన్ కూడా రికార్డు చేశాను, దాని సంగతి వేరు. విశాఖ తీరంలోని కోస్టల్ బ్యాటరీ దగ్గర గాలి మైక్‌ని బతకనివ్వదు. మైక్‌కి పాత ఉన్ని సాక్సు తొడిగి, ఆగి ఉన్న ఆటో చాటున నిలబడ్డాను. అయినా గుర్రుమని వచ్చింది. అలవాటుగా 150 హెర్ట్జ్ కింద కోసేస్తే గాలితో పాటు హారనూ పోయింది! 200 మీటర్లు, అంతకు మించిన ఓడల హారన్ 70 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉండాలని అంతర్జాతీయ నిబంధన. అందుకే 60 దగ్గరే కోయండి, మిగతా గాలిని భరించండి. స్వరం పేరు చూపించే ట్యూనర్‌లో హారన్ ఏ స్వరమో చూసుకుని, సింప్లర్ క్లాసిక్ మోడ్‌లో, స్వరాన్ని పైకీ కిందికీ జరిపే ట్రాన్స్‌పోజ్‌తో సరిచేయండి. మధ్యలో నిలకడగా ఉన్న ముక్కని లూప్ చేసి ఫేడ్ ఇస్తే ఎంతసేపైనా మోగుతుంది. నాలుగైదు మెట్లు దాటి పైకి తీస్తే మాత్రం బొమ్మ బూరలా ఉంటుంది. పై స్వరం కావాలంటే చిన్న పడవ వచ్చేదాకా ఆగండి, 75 మీటర్ల లోపు వాటి హారన్ ఎలాగూ 250 హెర్ట్జ్ పైనే.