బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో ఇంటిని పొరలుగా విప్పి చూపాలంటే మూవ్ కొట్టకండి

మిర్యాలగూడలో జీ ప్లస్ వన్ కట్టించుకునే ఓనర్‌కు ప్లాన్ చూపిస్తే ఊరికే తలూపుతాడు, అదే స్లాబు, గోడలు, మెట్లు విడివిడిగా పైకి లేపిన త్రీడీ బొమ్మ పెట్టండి, అసలు ప్రశ్నలన్నీ అప్పుడు బయటికొస్తాయి. దీనికోసం మోడల్‌ను కాపీ చేసి ముక్కలు జరపొద్దు. త్రీడీ వ్యూను డూప్లికేట్ చేసి, పై అంతస్తు మొత్తం సెలెక్ట్ చేసి, మాడిఫై ట్యాబ్‌లో డిస్‌ప్లేస్ ఎలిమెంట్స్ నొక్కండి. బాణం పట్టుకొని లాగొచ్చు, కానీ ప్రాపర్టీస్‌లో జెడ్ (ఎత్తు) విలువ కొడితేనే అంతస్తుల మధ్య గ్యాప్ సమానంగా వస్తుంది. జరిగేది ఆ ఒక్క వ్యూలోనే, ప్లాన్లు, సెక్షన్లు (ఇంటిని నిలువుగా కోసి చూపే డ్రాయింగులు) కదలవు, కాబట్టి టెన్షన్ లేదు. పాత్ టూల్‌తో మూలల దగ్గర గీతలు కూడా పెట్టండి, లేకపోతే ఏది ఎక్కడ కూర్చుంటుందో మేస్త్రీకి అర్థం కాదు. ట్యాగులు (భాగాల పేర్లు చూపే లేబుళ్లు) పెట్టేముందు వ్యూ లాక్ చేయాలి. నచ్చకపోతే రీసెట్.