గాజు సీసాలోంచి ఆర్కిడ్ నారును క్షేమంగా తీయడం

ఆర్కిడ్ అనే పూలమొక్క విత్తనంలో మొలకకు చాలినంత ఆహారం ఉండదు కనుక ప్రయోగశాలల్లో చక్కెర, లవణాలు కలిపిన అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం) జెల్లీపై, సూక్ష్మక్రిములు లేని సీసాలో దానిని మొలకెత్తిస్తారు; ఈ పద్ధతిని 1922లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు లూయిస్ నడ్సన్ వెల్లడించాడు.

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో వడగాలులు వీచే ఏప్రిల్, మే నెలల్లో నారును సీసాలోంచి తీసే పని తలపెట్టకూడదు. ఈశాన్య రుతుపవనాల వానలు వెనుకబట్టాక, జనవరిలో చేయడం మేలు.

సీసా మూతి వెడల్పుగా ఉంటే గోరువెచ్చని నీరు పోసి మెల్లగా తిప్పి, జెల్లీ వదులయ్యాక నారును దాని వేర్ల వైపు నుంచి బయటకు లాగాలి. మూతి ఇరుకైతే సీసాను పగలగొట్టక తప్పదు. అప్పుడు దానిని వార్తాపత్రికలో, ఆపైన మందపాటి తువ్వాలులో చుట్టి, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, సుత్తితో అడుగుభాగాన తేలికగా కొట్టాలి. కళ్లద్దాలు అనవసరమనుకునేవారు ఒక్క గాజు పలుకు ఎంత దూరం ఎగురుతుందో చూసి ఉండరు. పెంకులను పట్టకారుతో ఏరిన తర్వాతే నారును ముట్టుకోవాలి.

నారు వేర్లకు అంటిన జెల్లీని పూర్తిగా కడగాలి. అందులోని చక్కెర మిగిలితే బూజు పట్టి నారు కుళ్లిపోతుంది. తీర ప్రాంతాల్లో బోరునీరు ఉప్పగా ఉండేచోట నిల్వచేసిన వాననీరే వాడాలి. నారు నాటేందుకు వాడే కొబ్బరి డొక్క ముక్కలలోనూ ఉప్పు ఉంటుంది కనుక వాటిని కొన్నాళ్లు నీళ్లు మారుస్తూ నానబెట్టి, బొగ్గు ముక్కలు కలిపి, ఒకే కుండీలో నారును గుంపుగా నాటి, నీడలో తేమ ఆరకుండా ఉంచాలి.