పాత కారుకు మళ్లీ రంగు వేసే ముందు: తుప్పు, దుమ్ము, ఆవిరుల విషయంలో జాగ్రత్తలు

పెయింటు పెచ్చులుగా లేచిపోయి, అంచుల్లో తుప్పు బయటపడిన పాత కారును సొంతంగా రంగు వేసుకుని బాగుచేసుకుందామనుకునేవారు సాధారణంగా మొదట ఆలోచించేది ఏ రంగు వేయాలన్న సంగతే. ఆ నిర్ణయం నిజానికి చివరన రావలసినది. ఈ పనిలో మనిషికి హాని కలిగించే దశలూ, వేసిన పెయింటు ఏడాది తిరగకుండా మళ్లీ లేచిపోవడానికి దారితీసే తప్పులూ దాదాపు అన్నీ రంగు డబ్బా మూత తీయకముందే ఉంటాయి. కాబట్టి సామాను కొనడానికి ముందే కారును నిదానంగా పరీక్షించి, అసలు ఇది పెయింటు పనా, టింకరింగ్ పనా అన్నది తేల్చుకోవాలి.

పెచ్చులూడటం, పొక్కులు లేవడం ఒకటి కావు. బానెట్ మీదా, టాప్ మీదా ఎండకు పై పొర తెల్లబారి పలచటి రేకుల్లా ఊడుతుంటే, లోపలి లోహం చాలావరకు క్షేమంగానే ఉండవచ్చు. తలుపుల అడుగు అంచుల్లో, చక్రాల పైనున్న వంపుల్లో, అద్దం రబ్బరు చుట్టూ పొక్కులు కనిపిస్తే మాత్రం తుప్పు పెయింటు కింద పని చేస్తోందని, తరచుగా లోపలివైపు నుంచి బయటికి వస్తోందని అర్థం. ఇనుము తుప్పుగా మారినప్పుడు కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే పెయింటు పైకి లేస్తుంది. అందువల్ల బయట కనిపించే పొక్కు కన్నా దాని కింద తుప్పు పట్టిన మేర ఎప్పుడూ ఎక్కువే ఉంటుందనుకుని లెక్క వేసుకోవాలి. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడాలి. రేకు లోపలికి దిగిపోతే అక్కడ లోహం మిగలలేదన్నమాట. ఉక్కు రేకు ఉండవలసిన చోట అయస్కాంతం అంటుకోకపోతే, గతంలో ఎవరో అక్కడ మందంగా పుట్టీ పెట్టి కప్పేశారని గ్రహించాలి. కాళ్ల కింది కార్పెట్లు ఎత్తి, స్టెప్నీ పెట్టే గుంతను కూడా చూడనిదే ఈ పరీక్ష పూర్తి కాదు.

తలుపుల కింద పొడవునా ఉండే సిల్ భాగాలు, కారు అడుగున పొడవునా ఉండే ఛాసిస్ దూలాలు, సస్పెన్షన్ బిగించే చోట్లు, సీటు బెల్టులు బిగించిన స్థానాలు తుప్పుకు చిల్లులు పడి ఉంటే ఆ కారు పెయింటు పనికి ఇంకా సిద్ధంగా లేదు. అక్కడ పుట్టీ గానీ ఫైబర్ ముక్కలు గానీ అతికించడం ప్రమాదాన్ని కప్పిపెట్టడమే అవుతుంది. ప్రమాద సమయంలో బరువు మోయవలసింది ఆ భాగాలే. తుప్పును కోసి తీసేసి, కొత్త రేకు వెల్డింగు చేయించాలి. బ్రేకు పైపుల మీదా, పెట్రోలు పైపుల మీదా తుప్పు పొరలుగా ఉంటే వాటిని ముందు మార్పించాలి. కారు కిందికి వెళ్లి చూసేటప్పుడు జాకీని మాత్రమే నమ్మకూడదు, స్టాండ్లు పెట్టాలి. పైగా తుప్పు తిన్న సిల్ కింద పెట్టిన స్టాండు ఆ రేకును చీల్చుకుని లోపలికి దిగే అవకాశం ఉంది కాబట్టి గట్టి భాగం చూసి మరీ పెట్టాలి.

వెల్డింగు వేరే వారితో చేయించినా యజమాని గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. బ్యాటరీ తీగలు విప్పాలి. ఎయిర్‌బ్యాగులు ఉన్న కారైతే, వాటి దగ్గర పని చేసే ముందు బ్యాటరీ విప్పాక తయారీదారు సూచించినంత సేపు ఆగాలి. పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉంటే ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. ఆవిరితో నిండిన ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ఎక్కువ ప్రమాదకరం కావచ్చు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుతో తుడిచిన చోట వెల్డింగు చేస్తే ఆ అవశేషాల నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టగలదు కనుక, ఆ డబ్బాను వెల్డింగు పని జరిగే దరిదాపుల్లోకి రానివ్వకూడదు.

ఇక దుమ్ము సంగతి. దశాబ్దాల నాటి కార్ల పెయింటులో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు ఛాయల్లో సీసం కలిసిన రంగు పదార్థాలు ఉండేవి. మరీ పాత కార్లలో రేకుల అతుకులను సీసం కలిసిన టంకంతో పూడ్చేవారు. ఇలాంటి కారును గ్రైండరుతో పొడిగా రుద్దితే ఆ సీసం సన్నని ధూళిగా మారి గాలిలో తేలుతుంది, బట్టలకు పట్టుకుని ఇంట్లోకి వస్తుంది, చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పాత పెయింటును నీళ్లతో తడుపుతూ వాటర్ పేపరుతో రుద్దడం, వచ్చిన బురదను ఆరనివ్వకుండా తుడిచి సంచిలో మూట కట్టడం, పని బట్టలు విడిగా ఉతకడం, చేతులు కడగనిదే ఏమీ తినకుండా ఉండటం తప్పనిసరి. మంటతో కాల్చి పెయింటు లేపడం అసలే వద్దు. పెయింటు కరిగించే రసాయనాల్లో మిథిలీన్ క్లోరైడ్ ఉన్నవి మూసిన గదిలో ప్రాణాలు తీసిన సందర్భాలు ఉన్నాయి. ఆ పదార్థం శరీరంలోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. లేబుల్ మీద ఆ పేరు ఉంటే ఆ డబ్బా కొనకపోవడమే మంచిది. డ్రిల్లుకు బిగించే తీగ బ్రష్షు నుంచి తీగ ముక్కలు విడిపోయి ఎగురుతాయి కాబట్టి మామూలు కళ్లజోడు చాలదు, పక్కలు కూడా మూసే రక్షణ కళ్లజోడు కావాలి.

తుప్పును మెరిసే లోహం కనిపించేదాకా తీయాలి. సన్న గుంతల్లో మిగిలిన నల్లటి మచ్చలకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు పనికొస్తుంది. చేతి తొడుగులు, కళ్లజోడు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. అయితే ఈ మందు వేసిన చోట అన్ని ప్రైమర్లూ (రంగుకు ముందు వేసే అడుగు కోట్లు) పట్టవు. ఆమ్లపు అవశేషం మిగిలి ఉంటే దాని మీద వేసిన ఎపాక్సీ ప్రైమరు సరిగా గట్టిపడదు. కాబట్టి ప్రైమరు తయారీదారు ఇచ్చిన సాంకేతిక పత్రం ముందే చదివి, ఆ మందును కడగాలో, ఎలా ఆరబెట్టాలో తెలుసుకోవాలి. శుభ్రం చేసిన లోహాన్ని ఒట్టి చేతులతో తాకకూడదు. చెమటలోని ఉప్పు చాలు మళ్లీ తుప్పు మొదలవడానికి. తేమ వాతావరణంలో మెరిసే రేకు మీద కొన్ని గంటల్లోనే పలచటి తుప్పు తిరిగి వస్తుంది, కనుక ఆ రోజు ప్రైమరు వేయగలిగినంత మేరే ఆ రోజు గీకాలి. కారంతా ఒకేసారి గీకి వారాంతం కోసం వదిలేయడం చాలామంది చేసే పని, పూర్తిగా వృథా శ్రమ.

పుట్టీ విషయంలో నియమం తిరగబడుతుంది. పాత పెయింటును తడిగా రుద్దమన్నాం గానీ, పుట్టీని మాత్రం పొడిగానే రుద్దాలి, ఎందుకంటే అది నీటిని పీల్చుకుని దాచుకుంటుంది. ఆ నీరు లోపలి రేకును తుప్పు పట్టిస్తుంది, పైన పొక్కులు లేపుతుంది. అక్కడ దుమ్ము నుంచి కాపాడేది మాస్కు మాత్రమే. మామూలు ప్రైమరు కూడా నీటిని పూర్తిగా ఆపదు. కారును ప్రైమరు దశలోనే నెలల తరబడి వానలో తిప్పడం వల్ల పైకి కనపడకుండా తుప్పు తిరిగి మొదలవుతుంది.

రుద్దడానికి ముందే మైనం, గ్రీజు తీసే ద్రావకంతో బాడీ అంతా తుడవాలి. లేకపోతే పాత పాలిష్‌లోని సిలికోన్‌ను గరుకు కాగితమే గీతల్లోకి నెట్టేస్తుంది. ఆ చోట కొత్త పెయింటు చేపకళ్లలా గుంటలు పడుతుంది. అలాగే పాత పెయింటు మీద కనపడని మూల థిన్నరులో ముంచిన గుడ్డను కాసేపు రుద్ది చూడాలి. రంగు కరిగి గుడ్డకు అంటితే, దాని మీద ఘాటైన థిన్నరు కలిపిన కొత్త కోటు వేసినప్పుడు అడుగు పొర ముడతలు పడి లేచే ప్రమాదం ఉంది.

వాతావరణాన్ని చూసేటప్పుడు గాలి ఉష్ణోగ్రతను కాక రేకు ఉష్ణోగ్రతను కొలవాలి. గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత కన్నా రేకు కనీసం 3 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉండాలన్నది పెయింటు పనిలో అందరూ పాటించే లెక్క. చాలా పెయింట్లకు 20 నుంచి 25 డిగ్రీలు అనువైన వేడి. వాన ముసురులో వేసిన కోటు తెల్లగా మసకబారుతుంది, మండుటెండలో కాలిన బానెట్ మీద వేసిన కోటు పరుచుకోకముందే ఆరి గరుకుగా మిగులుతుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం చివరి మెరుపు కోటులో ఉంది. హార్డెనరు (పెయింటును గట్టిపరిచే రసాయనం) కలిపి వాడే క్లియర్ కోట్లలో, అలాంటి కొన్ని ప్రైమర్లలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు ఇవి సన్నని తుంపరగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉబ్బసం కలిగించగలవు. ఒకసారి శరీరం వీటికి అతిగా స్పందించడం మొదలైతే, ఆ తర్వాత అతి తక్కువ మోతాదు కూడా ఆయాసం తెప్పించగలదు. అది జీవితాంతం ఉండవచ్చు. వీటి వాసన ప్రమాదకర స్థాయి దాటాక గానీ తెలియకపోవచ్చు కనుక, మాస్కుకు బిగించే కార్బన్ కార్ట్రిడ్జి (ఆవిరులను పీల్చుకునే బొగ్గు డబ్బీ) ఎప్పుడు నిండిపోయిందో తొడుక్కున్నవారికి తెలిసే దారి లేదు. వృత్తి పెయింటర్లు గాలి బయటికి లాగే స్ప్రే బూత్‌లో (పెయింటు గదిలో), బయటి నుంచి పైపు ద్వారా శుభ్రమైన గాలి అందే మాస్కుతో పని చేసేది అందుకే. దుమ్ము ఆపే ఎన్95 మాస్కు ఆవిరులను ఏమాత్రం ఆపదు. గడ్డం ఉన్నవారికి ముఖానికి బిగిసే ఏ మాస్కూ సరిగా పనిచేయదు. తుంపర చర్మానికి, కంటికి తగిలినా హానికరమే, స్ప్రే గన్ను ఆపిన తర్వాత కూడా అది గాలిలో చాలాసేపు ఉంటుంది. హార్డెనరు లోపలే ఉండి, బటను నొక్కితే కలిసే స్ప్రే డబ్బాలకూ ఇదంతా వర్తిస్తుంది. డబ్బా చిన్నదని అది తక్కువ విషమేమీ కాదు.

ఈ ఏర్పాట్లు లేనివారు తుప్పు తీయడం, పుట్టీ, రుద్దుడు వరకు తామే చేసుకుని, హార్డెనరు కలిపే కోట్లను మాత్రం స్ప్రే బూత్ ఉన్న చోట వేయించుకోవడం నా దృష్టిలో సరైన పద్ధతి. ఖర్చులో పెద్ద భాగం కూలీలోనే ఉంటుంది కాబట్టి, ఆ కూలీలో ఎక్కువ మేర ఇలా కూడా మిగులుతుంది. అదీ కుదరకపోతే హార్డెనరు అక్కరలేని పెయింటు ఎంచుకోవాలి. మెరుపు, పెట్రోలు మరకలను తట్టుకునే శక్తి తక్కువైనా దాన్ని ఆవిరులను ఆపే కార్ట్రిడ్జి మాస్కుతో, గాలి బాగా ఆడే చోట వేయవచ్చు.

థిన్నరు ఆవిరి గాలి కన్నా బరువైనది. నేల మీద పరుచుకుంటూ దూరంగా ఉన్న పొయ్యి, గీజరు మంట, స్విచ్చి నిప్పురవ్వ దాకా పాకుతుంది. కాబట్టి ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో స్ప్రే చేయకూడదు. థిన్నరు గుడ్డలను ఒక మూలన కుప్ప వేయకుండా మూత ఉన్న లోహపు డబ్బాలో నీళ్లలో ముంచి బయట ఉంచాలి. హార్డెనరు కలిపాక మిగిలిన పుట్టీ డబ్బాలోనే గట్టిపడుతూ వేడెక్కుతుంది. దాన్ని కాగితాలున్న చెత్తబుట్టలో వేయకూడదు.

రంగు మారిస్తే రిజిస్ట్రేషన్ పత్రాల్లో ఆ మార్పు నమోదు చేయించవలసి ఉంటుందేమో పని మొదలుపెట్టకముందే కనుక్కోవాలి. కొత్త పెయింటుకు మైనం పాలిష్ వెంటనే పట్టించకూడదు. లోపలి ద్రావకాలు బయటికి పోవడానికి పెయింటు తయారీదారు చెప్పిన గడువు, తరచుగా నెల లేదా అంతకన్నా ఎక్కువ, ఆగాలి. తలుపుల అడుగున, సిల్ కింద ఉండే నీరు కారే రంధ్రాలు పెయింటుతోనో పుట్టీతోనో మూసుకుపోతే కొత్త తుప్పు అక్కడే మొదలవుతుంది కనుక వాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. డొల్ల భాగాల్లోకి ఎక్కించే తుప్పు నివారక మైనాన్ని పెయింటు పూర్తిగా గట్టిపడ్డాకే వాడాలి. అంతకుముందే ఎక్కిస్తే అది అతుకుల్లోంచి బయటికి కారి, ఇంకా రంగు వేయవలసిన చోటును పాడుచేస్తుంది.