బెల్టు ఉన్నా మనిషి ఎందుకు పడిపోతున్నాడు? ఎత్తు పనిలో సమస్యలు, పరిష్కారాలు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు అపార్ట్‌మెంట్ సైట్లలో సెంట్రింగ్, ప్లాస్టరింగ్, పెయింటింగ్ చేసేవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వచ్చినవాళ్లు, రాయచూరు వైపు తెలుగు మాట్లాడేవాళ్లు. ఎత్తు పని మీద వాళ్లకు ట్రైనింగ్ ఇవ్వడం నా ఉద్యోగం. ఇది మేస్త్రీల కోసం, సూపర్‌వైజర్ల కోసం రాస్తున్నాను. బెల్టు అంటే ఇక్కడ భుజాలకు, తొడలకు పట్టీలుండే సేఫ్టీ బెల్టు. దాని వీపు రింగుకు ఒక తాడు, తాడు చివర హుక్కు ఉంటాయి. సైట్లో మీ కంటికి ఏ తప్పు కనిపిస్తుందో అక్కడి నుంచే మొదలుపెడతాను.

సమస్య: బెల్టు వేసుకున్నారు, హుక్కు మాత్రం ఊరికే వేలాడుతోంది

కూలీలు మాట వినరని, నిర్లక్ష్యమని చాలామంది అంటారు. మొదట్లో నేనూ అదే అనుకున్నాను. ఒకసారి ఐదో అంతస్తు అంచున షట్టరింగ్ విప్పుతున్న కళ్యాణదుర్గం కుర్రాణ్ణి, హుక్కు ఎందుకు వేయలేదని గట్టిగా అడిగాను. "యాడికి తగిలించల్ల సార్, నువ్వే చూపీ" అన్నాడు. తలెత్తి చూశాను. అతని చుట్టూ ఉన్నవి జాకీలు (షట్టరింగ్ కింద ఆనించే ఇనుప గొట్టాలు), పలకలు, పిల్లర్లోంచి పైకి వచ్చిన కడ్డీలు. జాకీకి హుక్కు వేస్తే మనిషితో పాటు జాకీ కూడా కిందికి వస్తుంది. కడ్డీకి వేస్తే, అది వంగగానే హుక్కు జారి ఊడిపోతుంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఈ తప్పు ఎక్కడ కనిపించినా మనిషిని తిట్టే ముందు పైకి చూస్తున్నాను. అసలు కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

పరిష్కారం పని మొదలయ్యే ముందే చేయాలి. అంచున రెయిలింగ్ కట్టగలిగితే ముందు అదే కట్టండి. రెయిలింగ్ ఉన్న చోట ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అది కుదరని చోట హుక్కు వేసే చోటు ఏదో ఇంజనీరు ముందే తేల్చాలి. యూరప్ ప్రమాణంలో ఒక మనిషి కోసం పెట్టే యాంకర్‌కు, అంటే హుక్కు తగిలించే ఆధారానికి, 12 కిలోన్యూటన్ల పరీక్ష ఉంది. అంటే దాదాపు 1,200 కిలోల బరువును ఆపాలి. అమెరికా నిబంధనలో అది 22 కిలోన్యూటన్లకు పైనే. కిటికీ గ్రిల్లు, నీళ్ల పైపు దీనికి దరిదాపుల్లో కూడా ఉండవు. పిల్లర్ల మధ్య అడ్డంగా లైఫ్‌లైన్ (హుక్కులు తగిలించుకునే తాడు) కట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. తాడును ఎంత బిగించి లాగితే, మనిషి పడ్డప్పుడు రెండు చివర్ల మీద అంత ఎక్కువ బలం పడుతుంది. అందుకే ఆ లైన్‌ను మేస్త్రి అంచనాతో కట్టకూడదు, ఇంజనీరు లెక్క ఉండాలి.

పరంజా మీద అటూ ఇటూ తిరిగేవాళ్లకు రెండు హుక్కుల బెల్టు ఇవ్వండి. రెండోది తగిలించాకే మొదటిది తీయాలి. ఒక్క హుక్కు ఇచ్చి, ప్రతి అడుగుకూ తీసి వేసుకోమంటే సాయంత్రానికి ఎవరూ వేయరు.

సమస్య: హుక్కు వేశారు, కానీ కాళ్ల దగ్గర

అందరూ తేలిగ్గా తీసుకునే తప్పు ఇది. నాకు ఎక్కువ భయం దీని గురించే, ఎందుకంటే చూసేవాడికి అంతా సరిగ్గానే కనిపిస్తుంది.

లెక్క చూడండి. బెల్టు నుంచి హుక్కు దాకా తాడు పొడవు 2 మీటర్లు. దాంట్లోనే షాక్ అబ్జార్బర్ ఉంటుంది. మనిషి పడగానే దాని కుట్లు ఒక్కొక్కటిగా విడిపోతూ, శరీరం మీద పడే బలాన్ని 6 కిలోన్యూటన్లు దాటనివ్వదు. అలా విడిపోతూ అది 1.75 మీటర్ల దాకా సాగొచ్చు. వీపు మీది రింగు నుంచి పాదాల దాకా ఇంకో 1.5 మీటర్లు. అదనంగా 1 మీటరు జాగ్రత్త కోసం. మొత్తం 6.25 మీటర్లు. హుక్కు వేసిన చోటు నుంచి కిందికి అంత ఖాళీ ఉండాలి. మన అపార్ట్‌మెంట్లలో అంతస్తు ఎత్తు సుమారు 3 మీటర్లు. అంటే నేల నుంచి 6 మీటర్ల ఎత్తున్న స్లాబు మీద, కాళ్ల దగ్గర హుక్కు వేస్తే ఆ ఖాళీ చాలదు. ఒకటో అంతస్తులోనైతే తాడు బిగుసుకునే లోపే మనిషి నేలను తాకుతాడు.

అదే హుక్కును నిలబడ్డ చోటుకు 2 మీటర్ల పైన, తల మీదుగా వేస్తే, పాదాల కింద 4.25 మీటర్లు చాలు. పడే దూరం తగ్గితే కుదుపు కూడా తగ్గుతుంది. తక్కువ ఎత్తులో తాడును పొట్టిగా కట్టి, మనిషి అంచు దాకా వెళ్లకుండా ఆపడమే మంచిది. ఇంకొకటి, హుక్కు పక్కకు దూరంగా ఉంటే మనిషి ఊయలలా ఊగి పిల్లర్‌కు గుద్దుకుంటాడు. కాబట్టి నెత్తికి సరిగ్గా పైనే చూడండి.

ట్రైనింగ్‌లో నేను ఈ లెక్కను బోర్డు మీద రాయను. టేపు పట్టుకుని గోడ మీద సుద్దతో గీతలు గీయిస్తాను. చివరి గీత నేల కిందికి పోయిందని కళ్లతో చూసినవాడు దాన్ని మర్చిపోడు.

సమస్య: తొడ పట్టీలు వదిలేస్తున్నారు

గొంతుకూచుని ఇటుకలు పేర్చేవాడికి ఆ పట్టీలు తొడల మీద కోసుకుంటాయి, చెమటకు ఒరుసుకుంటాయి. స్టోర్‌లో ఒకే సైజు ఉండటం దీనికి ముఖ్య కారణం. కనీసం రెండు సైజులు తెప్పించండి. పట్టీ కింద చదునుగా పెట్టిన అరచేయి దూరాలి, పిడికిలి దూరకూడదు. వీపు రింగు రెండు భుజపుటెముకల మధ్య ఉండాలి. నేల మీదే అడుగు ఎత్తులో ఒక్క నిమిషం వేలాడదీసి చూపిస్తే, వదులు బెల్టు ఎంత ప్రమాదమో మళ్లీ చెప్పనక్కర్లేదు. నడుముకు మాత్రమే కట్టే పాత బెల్టుతో పడకుండా కాపాడుకోవాలని చూడకండి. ఆగే కుదుపంతా వెన్ను మీద, కడుపు మీద పడుతుంది.

బెల్టును వారానికోసారి వెలుతురులో వంచి చూడండి. తెగిన పోగులు, వెల్డింగ్ రవ్వల మచ్చలు, టైల్స్ కడిగే యాసిడ్ తడి, గట్టిపడ్డ సిమెంటు, ఎండకు వెలిసిన రంగు, వీటిలో ఏది కనిపించినా పక్కన పెట్టండి. చదవగలిగే ట్యాగు లేకపోయినా అంతే.

సమస్య: డక్టు మీద ప్లైవుడ్ ముక్క

డక్టు అంటే స్లాబులో లిఫ్టు కోసం, పైపుల కోసం వదిలిన ఖాళీ. చూడటానికి మూసినట్టే ఉంటుంది కానీ మేకులు ఉండవు. పలక కావాలని ఎవరో దాన్ని ఎత్తుతారు, ఒక అడుగు ముందుకు వేస్తారు, కింద లిఫ్టు గుంత. ప్రతి మూతనూ మేకులతో బిగించి, ఎర్ర రంగుతో "గుంత" అని తెలుగులో, కన్నడలో, హిందీలో రాయించండి.

సమస్య: ట్రైనింగ్ అయింది, సంతకాలు ఉన్నాయి, పైన పనిలో మాత్రం నేర్చుకున్నది ఏదీ కనిపించదు

పాఠం హిందీలోనో కన్నడలోనో జరిగి ఉంటుంది. మన పాలమూరు అన్న తలూపి వేలిముద్ర వేసి వచ్చేశాడు. చెప్పింది అర్థమైందా అని అడగకండి, చేసి చూపించమనండి. అడ్డా నుంచి ఆ రోజుకే వచ్చినవాళ్లను కూడా అలా చూశాకే పైకి పంపండి.

సమస్య: బెల్టు ఆపింది, మనిషి గాల్లో వేలాడుతున్నాడు

చాలా సైట్లలో దీనికి ప్లానే ఉండదు. కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి, కొన్ని నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. 108కి వెంటనే ఫోన్ చేయండి, కానీ అంబులెన్సు వాళ్లు ఏడో అంతస్తు బయట వేలాడుతున్న మనిషిని దించలేరు. దించాల్సింది మీ మనుషులే. పుల్లీల సెట్టు, పొడవాటి కొక్కెం కర్ర ఎక్కడున్నాయో ప్రతి షిఫ్టులో ఇద్దరికి తెలియాలి. ఇసుక బస్తాను వేలాడదీసి దించడం ముందే ప్రాక్టీసు చేయించండి. బెల్టుకు కాలు మోపే పట్టీ ఉంటే దాన్ని వేసుకుని, కాళ్లు ఆడిస్తూ ఉండమని పైనుంచి అరిచి చెప్పండి. మాట్లాడిస్తూనే ఉండండి.

దించాక చదునుగా పడుకోబెట్టండి. కూర్చోబెట్టాలన్న పాత సలహాను ఇప్పుడు పాటించడం లేదు. శ్వాస చూడండి. వెన్నుకు దెబ్బ తగిలిందనిపిస్తే అనవసరంగా కదపకండి. బాగానే ఉన్నానని అతనే అన్నా ఆస్పత్రికి పంపండి.

ఆ బెల్టును, తాడును అదే రోజు కత్తిరించి పారేయండి. స్టోర్‌లోకి తిరిగి వెళ్తే రేపు ఇంకొకరు వేసుకుంటారు.