సర్వనామాల పాఠం – 4: తన అంటే హిజ్ రాయాలా, హర్ రాయాలా?

పోయిన పాఠంలో "మీ అండ్ రవి వెంట్ టు భీమిలి" అని రాసే ముందు రవిని కాసేపు పక్కకు తప్పించి చూడమన్నాను. మిగిలేది "మీ వెంట్". చెవికే ఎబ్బెట్టుగా ఉంది కదా? అందుకే "రవి అండ్ ఐ". అది వచ్చేసిందనుకుని ముందుకు పోదాం.

ఈసారి మన తెలుగే మనల్ని పడగొట్టే చోటికి వచ్చాం. "కిరణ్ తన చెల్లితో ఆర్కే బీచ్‌కి వెళ్లాడు." దీన్ని ఇంగ్లిష్‌లో రాయండి. రాశాకే కిందికి చదవండి, దొంగచూపులు వద్దు.

"కిరణ్ వెంట్ టు ఆర్కే బీచ్ విత్ హర్ సిస్టర్" అని రాశారా? చెల్లి ఆడపిల్ల కాబట్టి హర్ పెట్టి ఉంటారు. చూడాల్సింది చెల్లిని కాదు, ఆ చెల్లి ఎవరికి చెల్లో ఆ మనిషిని. ఆమె కిరణ్ చెల్లి, కిరణ్ మగపిల్లాడు, కాబట్టి హిజ్ సిస్టర్. హర్ అని రాస్తే, వేరే ఎవరో అమ్మాయి చెల్లెల్ని కిరణ్ బీచ్‌కి తీసుకెళ్లాడని అర్థం వస్తుంది. ఇంట్లో గొడవే! అదే లలిత తన అన్నయ్యతో వెళ్తే హర్ బ్రదర్.

తెలుగులో ఆడవాళ్లకీ మగవాళ్లకీ తన ఒక్కటే సరిపోతుంది. తేడా చెప్పే పని క్రియ చూసుకుంటుంది: వెళ్లాడు, వెళ్లింది. ఇంగ్లిష్‌లో ఎవరు వెళ్లినా వెంటే. అందుకే అక్కడ భారమంతా సర్వనామం మీద పడుతుంది.

ఇంకో చిక్కు మర్యాదతో. చిన్నప్పుడు నేను పరీక్షలో "మై గ్రాండ్‌ఫాదర్ కేమ్. దే ఆర్ డ్రింకింగ్ కాఫీ" అని రాసి మార్కు పోగొట్టుకున్నాను. తాతగారిని హి అనడానికి మనసు రాలేదు మరి! ఇంగ్లిష్‌లో వాడైనా ఆయనైనా హి ఒక్కటే. మనిషి ఎవరో తెలియనప్పుడు మాత్రం ఒక్కరికైనా దే వాడతారు. "సమ్‌వన్ లెఫ్ట్ దేర్ అంబ్రెల్లా" అన్నట్టు.

బస్సు, బల్ల, సముద్రం అన్నీ ఇట్. మరి బీచ్ రోడ్డులో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్? ఓడల్ని షి అనడం నావికుల పాత అలవాటు. నౌకా రంగం వార్తలు రాసే లాయిడ్స్ లిస్ట్ పత్రిక కూడా అలాగే రాసేది, 2002లో ఇట్‌కి మారింది. మీరూ పరీక్షలో ఇట్ రాయండి.

ఇక హోంవర్క్. ఈ మూడింటినీ ఇంగ్లిష్‌లోకి మార్చండి:

అక్క తన ఫోన్ నాన్నకి ఇచ్చింది.

మావయ్యగారు సింహాచలం వెళ్లారు. ఆయన ఇంకా రాలేదు.

పిల్లి తన తోక నాక్కుంటోంది.

మూడోదానిలో ఇట్స్ వస్తుంది. అందులో ఎస్‌కి ముందు పైన చిన్న కొమ్ము గుర్తు పెట్టాలా వద్దా? మీకు తోచినట్టు రాసి ఉంచండి. 5వ పాఠం అక్కడే మొదలుపెడదాం.