కడప తిరగేస్తే పడక, మరి కర్నూలు?

ఏడురోడ్ల దగ్గర టీ తాగుతుంటే ఇంజనీరింగ్ పిల్లలు ఎవరో ఒకరు తగులుకుంటారు. "అన్నా, ఓపెన్ సోర్స్ ఎక్కడ మొదలుపెట్టాలి?" అంటే ఎవరైనా చదివి, మార్చి, వాడుకునేలా లైసెన్స్‌తో పెట్టిన కోడ్‌కు చెయ్యి వేయడం. ఎక్కడైనా సరే కానీ ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్‌లో మాత్రం వద్దు. అందులో ఒక కామా మార్చి పంపేవాళ్లతో 2020 అక్టోబరులో, మార్పులు పంపితే బహుమతిచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ టీషర్టుల కోసం, ప్రాజెక్టులు చూసుకునే మెయింటెయినర్లకు ప్రాణం విసిగిపోయింది. చివరికి ఒప్పుకున్న ప్రాజెక్టులకే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌ను పరిమితం చేయాల్సి వచ్చింది.

నన్నడిగితే తెలుగుతో మొదలుపెట్టండి. పైథాన్ భాషలో కడప అని రాసి తిరగేయండి, పడక వస్తుంది, భలే. ఇప్పుడు కర్నూలు తిరగేయండి. ముందు చుక్కల సున్నాకు వేలాడే ఒక కొమ్ము, దాని వెనక లూన్రక! మన కంటికి క, ర్నూ, లు అని మూడే అక్షరాలు కానీ అన్ని భాషల లిపులకూ నంబర్లిచ్చే యూనికోడ్‌కు ఏడు ముక్కలు: క, ర, పొల్లు, న, కొమ్ము దీర్ఘం, ల, కొమ్ము. అందుకే పొడవెంత అని అడిగితే పైథాన్ 7 అంటుంది, గో భాష బైట్లు లెక్కపెట్టి 21 అంటుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 దాకా అక్షరాలను విడగొట్టే ప్రామాణిక నియమం కూడా ర్, నూ రెంటినీ విడగొట్టేది, అంటే నాలుగు. పాత నియమం మీదే నడిచే లైబ్రరీ ఇప్పటికీ అదే చెబుతుంది.

ఇక మీరు రోజూ వాడే టూల్స్‌లో తెలుగు పేర్లు వేసి చూడండి. పేరు పొడవైతే కత్తిరించేవి, పట్టికలు గీసేవి, వెతికేవి ముందు పట్టండి, బగ్ దొరక్కపోతే అడగండి. దొరకగానే కోడ్ మీద పడకండి. ప్రాజెక్టు పేజీలో ఇష్యూలు, అంటే బగ్ ఫిర్యాదులు, మూసేసినవాటితో సహా అన్నీ వెతికి, లేకపోతే కొత్తది తెరవండి: ఏ వెర్షన్, ఏం ఇచ్చారు, ఏం వచ్చింది, ఏం రావాలి, బగ్ చూపించే అయిదు లైన్ల కోడ్. స్క్రీన్‌షాట్ ఒక్కటే పెడితే అవతలివాళ్లు కాపీ చేసుకోలేరు. ఇంకో సంగతి, వాళ్లకు తెలుగు రాదు, వేలాడే కొమ్ము కూడా వాళ్ల కంటికి ముచ్చటైన అక్షరంలాగే ఉంటుంది. కాబట్టి ఒక్కో ముక్క యూనికోడ్ నంబరు రాసి, ఏది దేన్ని వదలకూడదో చెప్పండి.

లైసెన్స్ ఫైల్ ఉందో లేదో కూడా చూసుకోండి. కోడ్ కనిపించినంత మాత్రాన ఓపెన్ సోర్స్ కాదు, లైసెన్స్ లేకపోతే హక్కులన్నీ రాసినవాళ్లవే.

నా మొదటి ప్యాచ్, అంటే నేను పంపిన మొదటి కోడ్ మార్పు కథ చెబుతా. మార్చాల్సింది మూడు లైన్లు. నా ఎడిటర్ సేవ్ చేసినప్పుడల్లా ఫైల్ మొత్తాన్ని తనకు నచ్చినట్టు సర్దేస్తుందన్న సంగతే నాకు తెలీదు. కరెంటు పోయి, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆదరాబాదరాగా పంపితే పద్నాలుగు ఫైళ్లు మారినట్టు చూపించింది. మెయింటెయినర్ ఒక్క ముక్క రాసి మూసేశాడు. రెండ్రోజులు ఉడికిపోయాను గానీ తప్పు నాదే, పద్నాలుగు ఫైళ్లలో నా మూడు లైన్లు వెతుక్కునే ఖర్మ ఆయనకేంటి?

అందుకే మార్పును కమిట్ చేసి భద్రపరిచే ముందు, ఏమేం మారిందో చూపే గిట్ డిఫ్ వేసి ప్రతి లైనూ చదవండి. ఇది నేనెందుకు మార్చానో చెప్పలేని లైన్ ఉంటే తీసేయండి, ఏఐ రాసిచ్చినా సరే, రివ్యూలో జవాబు చెప్పాల్సింది మీరే. వేరే బ్రాంచ్ (కోడ్‌కు విడి కాపీ లాంటిది), ఒక్క మార్పు, అది పనిచేస్తోందో చూసే ఒక టెస్టు. మార్పుకు ముందు ఆ టెస్టు ఫెయిలవ్వాలి, ఇది చాలామంది చూడరు.

పంపాక రెండు వారాలు ఆగి ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి. అవతల మనిషి జీతం లేకుండా రాత్రి పిల్లలు పడుకున్నాక చూస్తుండొచ్చు. నా రెండో ప్యాచ్‌కు నెల పైనే పట్టింది. దాని టెస్టులో ఇన్‌పుట్ కర్నూలు, రావాల్సిన జవాబు 3.